బ్రేకు పెద్దదైతే కారు ముందే ఆగుతుందా?

ఇంజన్‌ను రీమ్యాప్ చేయించి, ఎగ్జాస్ట్ మార్పించి, ఇంకో నలభై యాభై హార్స్‌పవర్ ఎక్కించుకున్నాక చాలామంది చూపు చక్రాల మీదకు మళ్లుతుంది. అలాయ్ వీల్ సందుల్లోంచి కనబడే ఎర్రటి క్యాలిపర్ (చక్రంతో తిరిగే డిస్కును రెండు ప్యాడ్ల మధ్య బిగించే భాగం), అందులో ప్యాడ్లను నొక్కే ఆరు పిస్టన్లు, చిల్లులు పొడిచిన పెద్ద డిస్కు. పేరున్న కంపెనీ కిట్ అయితే ధర లక్షల్లో పలుకుతుంది. అంత పెట్టి బిగించుకున్నాక గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి కారు ఆగే దూరం కొలిచి చూడండి. అవే టైర్లయితే చాలా కార్లు పాత బ్రేకులతో ఎక్కడ ఆగేవో దాదాపు అక్కడే ఆగుతాయి. కిట్ ఎంపిక సరిగ్గా లేకపోతే ఒకటి రెండు మీటర్లు ముందుకు పోయి కూడా ఆగుతాయి.

ఎందుకంటే బ్రేకు పట్టుకునేది చక్రాన్ని. కారును ఆపేది టైరు, రోడ్డు మీద అరచేయంత మేర ఆనే రబ్బరు. టైరుకు రోడ్డు మీద ఎంత పట్టు ఉందో అంతకు మించి ఏ బ్రేకూ ఆపలేదు. పెడల్‌ను బలంగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ టకటకా కాలికి తగులుతోందంటే ఆ హద్దు వచ్చేసిందని అర్థం. చక్రాన్ని బిగబట్టేంత శక్తి ఇప్పుడున్న బ్రేకుల్లోనే ఉంది, ఇంకా కావాల్సింది పట్టు. లెక్క చూస్తే, రోడ్డుకూ టైరుకూ మధ్య ఘర్షణ గుణకం (పట్టును చెప్పే అంకె) 0.8 ఉన్నప్పుడు 100 వేగం నుంచి ఆగడానికి సుమారు 49 మీటర్లు కావాలి. అదే 1.0 ఉంటే 39 మీటర్లు చాలు. ఈ పది మీటర్లు ఇవ్వగలిగింది మంచి టైరే. గట్టిపడిపోయిన ఐదేళ్ల నాటి టైర్ల మీద ఖరీదైన క్యాలిపర్లు బిగించుకున్న కార్లు మన ఊళ్లలో తక్కువేం కాదు.

మరి పెద్ద బ్రేకు దేనికి? వేడి కోసం.

కదిలే కారులోని శక్తినంతా బ్రేకు వేడిగా మార్చి గాలికి వదలాలి. మనుషులతో కలిపి ఒకటిన్నర టన్ను తూగే కారు 100 వేగంలో ఉన్నప్పుడు దానిలో దాదాపు 5.8 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. 200 వేగంలో అది రెట్టింపు కాదు, నాలుగింతలు: 23 లక్షల జౌళ్లు. పైగా ఈ మార్పిడి కళ్లు మూసి తెరిచేలోగా జరగాలి. మంచి టైర్ల మీద 100 నుంచి సున్నాకు రావడానికి మూడు సెకన్లు కూడా పట్టదు. ఆ కొద్ది క్షణాల్లో బ్రేకులు చేసే పనిని ఇంజన్ లెక్కలో చెబితే సగటున 270 హార్స్‌పవర్‌కు పైమాటే. అంటే 110 హార్స్‌పవర్ ఇంజన్ ఉన్న చిన్న కారుకైనా బ్రేకులు ఇంజన్ కన్నా బలమైన యంత్రమే. ఒక్కసారి ఆపడానికి దాదాపు ఏ కొత్త కారు బ్రేకైనా సరిపోతుంది. ఆ పనే మళ్లీ మళ్లీ, చల్లారే వ్యవధి లేకుండా చేయాల్సి వస్తేనే తేడా బయటపడుతుంది.

ముందు చక్రాల్లో ఒక్కొక్కటి మొత్తం పనిలో మూడో వంతు పైన మోస్తుందనుకుందాం. డిస్కు ఏడు కిలోల ఇనుము. 100 నుంచి ఒకసారి ఆగితే ఆ డిస్కు 60 డిగ్రీల పైచిలుకు వేడెక్కుతుంది, అంతే. అదే కారు గ్రేటర్ నోయిడాలోని రేసు ట్రాక్ బుద్ధ్ సర్క్యూట్‌లో, కిలోమీటరు దాటిన ఆ పొడవాటి దారి చివర, 200 నుంచి 80కి దిగిందనుకోండి. ఒక్క తొక్కుడుకే 200 డిగ్రీలు పెరుగుతుంది. ల్యాప్ పూర్తయ్యేలోగా అలాంటివీ అంతకన్నా చిన్నవీ ఇంకొన్ని తప్పవు. మూడో ల్యాప్‌కి డిస్కు 500 డిగ్రీలు దాటిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. మందపాటి పెనం నిదానంగా వేడెక్కినట్టే బరువైన డిస్కు అంతే శక్తికి తక్కువ డిగ్రీలు పెరుగుతుంది, పెద్దదైతే గాలికి ఎక్కువ తగులుతుంది. పెద్ద డిస్కు కొనడానికి అసలు కారణం ఇదే.

చరిత్రలోనూ సంగతి ఇదే. 1953లో లె మాన్స్ 24 గంటల రేసును టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ జాగ్వార్ సీ-టైప్‌లో గెలిచారు. ఆ కారుకు డన్‌లప్ తయారుచేసిన డిస్కు బ్రేకులున్నాయి, ప్రత్యర్థుల కార్లకు డ్రమ్ములు. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లోపలి లైనర్ నుంచి దూరం జరుగుతుంది. పెడల్ ఇంకా ఇంకా కిందకు తొక్కాలి. డిస్కు వేడెక్కితే ప్యాడ్ వైపుకే ఉబ్బుతుంది, పైగా బయటి గాలిలోనే తిరుగుతుంది. జాగ్వార్‌కు కలిసొచ్చింది రాత్రంతా, తెల్లారాక కూడా, అదే మలుపు దగ్గర అంతే ఆలస్యంగా, అంతే నమ్మకంగా బ్రేకు వేయగలగడం. ఆ ఏడాదే ఆ రేసులో విజేత సగటు వేగం తొలిసారి గంటకు వంద మైళ్లు దాటింది.

ఇక మన రోడ్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితి 120. అక్కడ అవసరమయ్యేది అరుదుగా ఒక్క గట్టి బ్రేకు, ఆ తర్వాత కిలోమీటర్ల కొద్దీ చల్లారే వ్యవధి. దానికి మంచి టైర్లుంటే కారుతో వచ్చిన కంపెనీ బ్రేకులు చాలు.

ఘాట్ రోడ్డు సంగతి వేరు. తిరుమల నుంచి తిరుపతికి దిగితే ఎత్తు సుమారు 700 మీటర్లు తగ్గుతుంది. మన ఒకటిన్నర టన్ను కారుకు అది కోటి జౌళ్ల పైమాట. 100 వేగం నుంచి 18 సార్లు ఆగినంత వేడి. అయితే ఇక్కడ కాలం మన పక్షాన ఉంది. ఆ శక్తి ముప్పై నలభై నిమిషాల మీద పరుచుకుంటుంది, రెండో గేరులో ఉంచితే అందులో పెద్ద వాటా ఇంజనే మింగేస్తుంది. ఘాట్‌లో పొగలు వచ్చే బ్రేకుల్లో చాలావాటి వెనక ఉన్నది పెడల్ మీద కాలు తీయకుండా ఆనించి ఉంచే అలవాటు. ఆటోమేటిక్ కారు ‘డీ’లో వదిలేసి దిగేవాళ్లకు ఇది మరీ ఎక్కువ. మాన్యువల్ మోడ్‌లోకి మార్చి తక్కువ గేరులో పెట్టడం ఏ కిట్ కన్నా చవక. శ్రీశైలం దారిలోని నల్లమల మలుపులకూ, అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగే రోడ్డుకూ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, మీ బ్రేకు ఎక్కడ ఓడిపోతోంది? దీన్ని కాలే చెబుతుంది. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా కారు ఆగడం లేదు, మాడు వాసన వస్తోంది అంటే ప్యాడ్ తన వేడి హద్దు దాటింది. పెడల్ మెత్తబడి కిందకు దిగిపోతోంది, రెండుమూడు సార్లు పంపు చేస్తే కాస్త లేస్తోంది అంటే పెడల్ ఒత్తిడిని చక్రాలకు చేర్చే బ్రేక్ ఆయిల్ మరిగింది. పెడల్, స్టీరింగ్ దడదడలాడుతుంటే మెకానిక్ ‘డిస్కు బెండయ్యింది సార్’ అంటాడు. చాలాసార్లు అది నిజంగా వంగి ఉండదు. అతిగా వేడెక్కిన ప్యాడ్ పదార్థం డిస్కు మీద అక్కడక్కడా అంటుకుపోయి మందం ఎగుడుదిగుడు అవుతుంది. ఈ మూడింటికీ మందు వేర్వేరు. నాలుగోది, ఏబీఎస్ వెంటనే అందుకుంటూ కారు జారడం. దానికి మందు టైర్ల దుకాణంలో ఉంది.

బ్రేక్ ఆయిల్ నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే అన్నిటికన్నా చవక, అందరూ మరిచిపోయేదీ అదే. మామూలు కార్లలో వాడే గ్లైకాల్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు; దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. డాట్ 5.1కి ఇవే అంకెలు 260, 180. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తేమ సంగతి చెప్పనక్కర్లేదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలని సర్వీసు పుస్తకంలో ఉన్నా, ‘పైన నిండుగానే ఉంది కదా’ అని వదిలేసేవాళ్లే ఎక్కువ. ట్రాక్‌కు వెళ్లేవాళ్లయితే మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటివి వాడతారు, కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలు దాటినా మరగవు. క్యాస్ట్రాల్ ఎస్‌ఆర్‌ఎఫ్ ప్రత్యేకత తేమ చేరాక కూడా 270 దగ్గర నిలబడటం. ధర కూడా అలాగే ఉంటుంది. ఒక ఉచ్చు గుర్తుంచుకోండి. డాట్ 5 అనేది 5.1కి తమ్ముడు కాదు. అది సిలికాన్ ఆయిల్, గ్లైకాల్‌తో కలవదు, ఏబీఎస్ కార్లకు పనికిరాదు.

ఆయిల్ చాలాసార్లు మరిగేది ట్రాక్ మీద కాదు, ట్రాక్ పక్కన కార్లు ఆగే పిట్‌లోకి వచ్చాక. కారు కదులుతున్నంతసేపూ గాలి తగులుతుంది. ఆగిందంటే డిస్కులోని వేడి ప్యాడ్ల గుండా, పిస్టన్ల గుండా క్యాలిపర్‌లోకి పాకుతుంది. అందుకే చివరి ల్యాప్ బ్రేకు పెద్దగా వాడకుండా నెమ్మదిగా తిరగాలి, ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో వదలాలి. ఘాట్ దిగి కింద టీ కొట్టు దగ్గర ఆపేముందు కూడా ఒకట్రెండు కిలోమీటర్లు మెల్లగా పోనిస్తే మంచిదే.

తర్వాత ప్యాడ్. నా ఉద్దేశంలో బ్రేకు మార్పులో సగం కథ ఇక్కడే ఉంది, డబ్బు మాత్రం ఇక్కడ అతి తక్కువ పడుతుంది. ప్యాడ్ ఎంపిక అంటే వేడి పరిధి ఎంపిక. కంపెనీ ప్యాడ్ చలికాలం పొద్దున్నే మొదటి తొక్కుడుకే పట్టాలి, కీచుమనకూడదు, డిస్కును తినకూడదు, వేలాది కిలోమీటర్లు రావాలి. ఇన్ని షరతుల మధ్య అది పై వేడిని వదులుకుంటుంది. రేసు ప్యాడ్ దీనికి తలకిందులు. 500 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది, పొద్దున్నే గేటు దాటగానే అడ్డం వచ్చిన కుక్కపిల్ల దగ్గర మాత్రం తొక్కినంత పట్టదు. రోజూ ఆఫీసుకు పోయే కారుకు రేసు ప్యాడ్ వేయడం ప్రమాదమే. మధ్యలో ఉన్నవి ఫెరోడో డీఎస్2500, ఈబీసీ యెల్లోస్టఫ్, హాక్ హెచ్‌పీ ప్లస్ లాంటివి. రోడ్డు మీద పరవాలేదు, ట్రాక్ మీద కొన్ని ల్యాప్‌లు తట్టుకుంటాయి, బదులుగా చప్పుడు, అలాయ్‌ల మీద నల్లటి దుమ్ము ఇస్తాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్‌కు వెళ్లేవాళ్లు రెండు జతలు ఉంచుకుని ముందురోజు మార్చుకోవడం మేలు. చేయి తిరిగిన మెకానిక్‌కు అది గంట పని.

కొన్ని ప్యాడ్ల అంచు మీద రెండు ఇంగ్లీషు అక్షరాల కోడ్ ఉంటుంది: ఈఈ, ఎఫ్‌ఎఫ్, జీజీ, అలా. మొదటిది మామూలు వేడిలో ఘర్షణను, రెండోది ఎక్కువ వేడిలో ఘర్షణను చెబుతుంది. ‘ఈ’ అంటే గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జీ’ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం మొదటిదానికన్నా తక్కువదైతే వేడెక్కాక పట్టు తగ్గుతుందని దుకాణంలోనే తెలిసిపోతుంది. అయితే ఆ పరీక్ష ట్రాక్ వేడి దాకా వెళ్లదు, కాబట్టి జీజీ చూసి రేసు ప్యాడ్ అనుకోకూడదు. యూరప్ సరుకు మీద ఉండే ఆర్90 గుర్తు మరో సంగతి చెబుతుంది: ఆ ప్యాడ్ పనితీరు అసలు ప్యాడ్‌కు 15 శాతం అటూఇటూగా ఉందని. రోడ్డు కారుకు అదొక భరోసా.

స్టీల్ అల్లిక హోస్ పైపుల గురించి ఎక్కువ చెప్పేది లేదు. రబ్బరు పైపు ఒత్తిడికి కాస్త ఉబ్బుతుంది, ఇది ఉబ్బదు. పెడల్ స్పర్శ స్పష్టంగా ఉంటుంది. ఆగే దూరం తగ్గదు. పాత పైపులు పదేళ్లవైతే ఎలాగూ మార్చాలి కాబట్టి అప్పుడు వేసుకోవచ్చు. ఊరూ పేరూ లేని పైపు మాత్రం వద్దు.

డిస్కుల్లో చిల్లులా గీతలా అన్న తగువు పాతది. ఒకప్పటి ప్యాడ్లు వేడెక్కితే వాయువులు వదిలేవి, అవి పోవడానికి చిల్లులు పనికొచ్చేవి. ఇప్పటి ప్యాడ్లకు ఆ బాధ తక్కువ. వానలో తడి తొందరగా తుడిచిపెట్టుకుపోవడం, బరువు కాస్త తగ్గడం చిల్లుల లాభం. నష్టం ఏమిటంటే డిస్కు ఎర్రబడి చల్లారి ఎర్రబడి చల్లారితే పగుళ్లు మొదలయ్యేది ఆ చిల్లు అంచుల్లోనే. రేసు కార్ల ఇనుప డిస్కుల్లో ఎక్కువగా గీతలే కనబడటానికి కారణం ఇదే. గీత ప్యాడ్ ముఖాన్ని గీరుతూ శుభ్రంగా ఉంచుతుంది, ప్యాడ్ మాత్రం కొంచెం తొందరగా అరుగుతుంది. రోడ్డు కోసమే అయితే లోపల గాలి దారులున్న మామూలు నున్నటి డిస్కు, మంచి కంపెనీది, చాలు. కాస్త ఎక్కువ పెట్టగలిగితే మధ్య భాగం అల్యూమినియం, చుట్టూ ఇనుము ఉండే రెండు ముక్కల డిస్కు తీసుకోవచ్చు. చక్రం దగ్గర ఒకటి రెండు కిలోలు తగ్గుతుంది, వేడికి ఇనుప రింగు స్వేచ్ఛగా వ్యాకోచించగలదు.

కార్బన్ సిరామిక్ గురించి అడిగేవాళ్లుంటారు. పోర్షా 2001లో 911 జీటీ2తో దాన్ని రోడ్డు కారు మీదకు తెచ్చింది. బరువు ఇనుములో దాదాపు సగం, తుప్పు పట్టదు, దుమ్ము నామమాత్రం. కానీ చక్రం మార్చేటప్పుడు అంచుకు దెబ్బ తగిలి పెచ్చు లేచిందంటే కొత్త డిస్కు ధర ఒక చిన్న కారంత చెబుతారు. తరచూ ట్రాక్ ఎక్కే పోర్షా యజమానుల్లో కొందరు వాటిని విప్పి దాచి ఇనుప డిస్కులు వేసుకుంటారు. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎక్కువమందికి ఆ బెంగ లేదు.

ఇప్పుడు క్యాలిపర్. ‘ఆరు పిస్టన్లు’ అనే మాట అమ్మకానికి బాగా పనికొస్తుంది. లెక్క వేరేలా ఉంటుంది. కంపెనీ ఇచ్చే జారే రకం క్యాలిపర్‌లో ఒకే పిస్టన్ ఉంటుంది, 57 మి.మీ. వ్యాసం అనుకుందాం. వైశాల్యం 25.5 చదరపు సెంటీమీటర్లు. అది ఒక ప్యాడ్‌ను నొక్కితే, క్యాలిపర్ మొత్తం జరిగి రెండో ప్యాడ్‌ను అంతే బలంతో లాగుతుంది. ఇప్పుడు నాలుగు పిస్టన్ల స్థిర క్యాలిపర్: ఒక్కో పక్క 38, 42 మి.మీ. పిస్టన్లు. ఒక పక్క వైశాల్యమే లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే రెండో పక్కవి ఎదురు నొక్కుడే. అది 25.2. నొక్కే బలం దాదాపు సమానం! పిస్టన్లు నాలుగింతలయ్యాయి, పట్టు అక్కడే ఉంది. ఎక్కువ పిస్టన్ల వల్ల వచ్చేది పెద్ద ప్యాడ్, దాని మీద సమానమైన ఒత్తిడి, గట్టి నిర్మాణం, పెడల్ స్పర్శలో మెరుగు. ఇవన్నీ నిజమైన లాభాలే. ఆగే దూరంతో మాత్రం వీటికి సంబంధం లేదు.

పిస్టన్ల మొత్తం వైశాల్యం పాతదానికన్నా బాగా పెరిగితే కొత్త తలనొప్పి. వాటిని కదిలించడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ అదే కాబట్టి పెడల్ లోతుగా వెళుతుంది. లక్షలు పోసి మెత్తటి పెడల్ కొనుక్కున్నట్టవుతుంది. అందుకే మంచి కిట్ తయారీదార్లు పెద్ద డిస్కుకు జోడీగా కాస్త చిన్న పిస్టన్లు ఇస్తారు. అమ్మేవాళ్లను ‘మా మోడల్‌కు పిస్టన్ సైజులేంటి, కంపెనీ పిస్టన్‌తో పోలిస్తే వైశాల్యం ఎంత’ అని అడగండి. జవాబు తెలియకపోతే ఆ కిట్ మీ కారు కోసం తయారైంది కాదు, బ్రాకెట్ కుదిరింది కాబట్టి అమ్ముతున్నది.

దీనికన్నా పెద్ద చిక్కు ముందువెనకల తూకం. బ్రేకు వేస్తే కారు బరువు ముందుకు వాలుతుంది. స్థిరంగా 60:40గా ఉన్న బరువు గట్టి బ్రేకులో 80:20 దాకా పోతుంది. కంపెనీ ఇంజనీర్లు ముందు చక్రాలు ముందుగా జారేలా, వెనకవి చేయగలిగినంత పనీ చేసేలా లెక్క కడతారు. ఇప్పుడు ముందు మాత్రమే 288 మి.మీ. డిస్కు తీసి 330 పెట్టారు, మిగతావన్నీ అవే అనుకోండి. ప్యాడ్ పట్టే వ్యాసార్థం పెరిగిన మేర ముందు పట్టు దాదాపు 17 శాతం పెరుగుతుంది. 70:30గా ఉన్న వాటా 73:27 అవుతుంది. చూడటానికి మూడు శాతమే. కానీ ముందు టైర్లు తమ హద్దుకు ముందుగా చేరి ఏబీఎస్ అందుకుంటుంది, అప్పటికి వెనక టైర్లలో వాడుకోని పట్టు మిగిలిపోతుంది. మొదట్లో చెప్పిన ఆ ఒకటి రెండు మీటర్లు ఇక్కడివే. ఏబీఎస్‌తో పాటు వచ్చే, ముందువెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ కొంత సర్దుతుంది, అంతా సర్దలేదు. మన దేశంలో అమ్ముడైన పోలో జీటీ టీఎస్‌ఐ లాంటి కార్లకు వెనక డ్రమ్ములే. వాటికి ముందు భారీ కిట్ వేసేవాళ్లు ఈ సంగతి మరీ ఆలోచించాలి. వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టించడం అందానికే ఎక్కువ. అంత తేలిక వెనక భాగానికి డ్రమ్ము చాలు, పైగా హ్యాండ్‌బ్రేక్ కేబుల్ దగ్గర్నుంచి అన్నీ మార్చాలి.

నన్నడిగితే విడి కిట్ కన్నా తెలివైన దారి ఒకటుంది: అదే ప్లాట్‌ఫాం మీద వచ్చిన శక్తిమంతమైన మోడల్ బ్రేకులు. ఫోక్స్‌వాగన్ కుటుంబంలో ఆక్టేవియా, సూపర్బ్, ఏడో తరం గోల్ఫ్ ఒకే పునాది మీద తయారయ్యాయి. ఆ గోల్ఫ్ ఆర్‌కు ముందు 340 మి.మీ. డిస్కులుండేవి. 2017లో మన దేశానికి వచ్చిన 230 హార్స్‌పవర్ ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి కారున్నవాళ్లకు ఇది సహజమైన మెట్టు. ఆ భాగాలను కంపెనీయే పరీక్షించి ఉంటుంది, మాస్టర్ సిలిండర్‌తో పొత్తు కుదిరే అవకాశం ఎక్కువ, ప్యాడ్లు ఎక్కడైనా దొరుకుతాయి. అయినా క్యాలిపర్ క్యారియర్ (క్యాలిపర్‌ను మోసే బ్రాకెట్), అది బిగుసుకునే నకల్ కుదురుతాయా అన్నది భాగాల నంబర్లతో సరిచూసుకున్నాకే కొనాలి. విడి కిట్‌తో ఉన్న మరో ఇబ్బంది విడిభాగాలు. డిస్కు రింగు అరిగితే మళ్లీ ఎక్కడ దొరుకుతుంది, ఎన్ని వారాలకు వస్తుంది, పిస్టన్ సీళ్లు విడిగా అమ్ముతారా అన్నవి కొనకముందే అడగాలి. తుని దగ్గర హైవే పక్కన సీలు కారితే పోస్టులో వచ్చేదాకా ఎదురుచూడలేం కదా.

చక్రంలో పడుతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి. 16 అంగుళాల రిమ్ము టైరు కూర్చునే చోట వ్యాసం 406 మి.మీ., లోపలి ఖాళీ ఇంకా తక్కువ. 330 డిస్కు మీద క్యాలిపర్ కూర్చుంటే కనీసం 17 కావాలి. వ్యాసం సరిపోయినా క్యాలిపర్ ముఖం అలాయ్ పుల్లలకు తగలొచ్చు. మంచి తయారీదార్లు కాగితం మీద నమూనా ఇస్తారు. అట్టముక్కకు అంటించి కత్తిరించి చక్రంలో పెట్టి చూస్తే సరి.

పెద్దగా డబ్బు ఖర్చు కాని మార్పు ఒకటి మరిచిపోతుంటాం, గాలి. ట్రాక్‌కు వెళ్లే కారుకు ముందు బంపర్ నుంచి గొట్టం వేసి డిస్కు మధ్యకు గాలి చేర్చడం కిట్‌లో సగం లాభాన్ని చవకగా ఇస్తుంది. నిజంగా ఎంత వేడెక్కుతోందో తెలుసుకోవాలంటే డిస్కు అంచుకు వేడి పెయింట్ వేస్తారు. పచ్చ 430, నారింజ 560, ఎరుపు 610 డిగ్రీల దగ్గర రంగు మారతాయి. ట్రాక్ నుంచి వచ్చాక ఏ రంగు మాడిందో చూసి ప్యాడ్ ఎంచుకోవచ్చు. దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఆన్‌లైన్‌లో కొన్ని వందలకు దొరికే ఎర్ర ప్లాస్టిక్ క్యాలిపర్ తొడుగులు. చల్లబడాల్సినదాని మీద దుప్పటి కప్పుతాయి. గమ్ము వదిలితే రిమ్ములో ఇరుక్కుంటాయి కూడా.

ఎలక్ట్రిక్ కార్లకు ఈ లెక్కలు మారుతున్నాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన మూడో తరం ‘ఫార్ములా-ఈ’ ఎలక్ట్రిక్ రేసు కార్లలో వెనక చక్రాల వేగాన్ని రేసులో తగ్గించింది మోటార్లే. మామూలు హైడ్రాలిక్ బ్రేకులు ముందు వైపే. రోడ్డు మీది వేగవంతమైన ఎలక్ట్రిక్ కార్లు బరువెక్కువ, కానీ రోజువారీ బ్రేకు పనిలో చాలా భాగం మోటారే చేసేస్తుంది. వాటి డిస్కులకు వేడి కన్నా తుప్పు బెడద ఎక్కువ.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా మార్పులు చేయకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ప్యాడ్లు, ఆయిల్ మామూలు సర్వీసు భాగాలే. క్యాలిపర్, డిస్కు సైజు మార్చేముందు మాత్రం ఆర్టీవోలో అడిగి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు తీసుకోండి. ప్రమాదం జరిగాక సర్వేయర్ చూసేది చక్రాల వైపే.

ఏ మార్పు చేసినా చివరి అరగంట కిట్‌తో రాదు, మీరే పెట్టాలి. కొత్త ప్యాడ్, కొత్త డిస్కు ఒకదానికొకటి కుదురుకోవాలి. ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 20 దాకా ఓ మోస్తరు బలంతో ఎనిమిది పది సార్లు తగ్గించాలి, పూర్తిగా ఆపకూడదు. వేడి డిస్కు మీద ప్యాడ్ నొక్కి ఉంచితే అక్కడే పదార్థం అంటుకుని ఆ దడదడ మొదలవుతుంది. తర్వాత పదిహేను నిమిషాలు బ్రేకు తాకకుండా తిరగాలి. ప్యాడ్ తయారీదారు వేరే పద్ధతి చెబితే దాన్నే పాటించండి. ఇంటికొచ్చి చల్లారాక స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి హోస్ పైపు టైరుకు తగులుతుందేమో, ఆ పైపును క్యాలిపర్‌కు బిగించే బాంజో బోల్టు దగ్గర తడి ఉందేమో టార్చి వేసి చూడండి. రెండు రోజులయ్యాక చక్రాల నట్లూ క్యాలిపర్ బోల్టులూ టార్క్ రెంచితో మరోసారి సరిచూపించండి.